గ్రో లైట్ డ్రైవర్‌లోనే ఇంత కరెంటు పోతోందా?

నారు పెంచడానికి ఎల్‌ఈడీ గ్రో లైట్ వాడుతున్నాను. దాని డ్రైవర్ (ఇంటి కరెంటును ఎల్‌ఈడీలకు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె) 240 వాట్లది, కాన్‌స్టంట్ కరెంట్ రకం, అంటే అవుట్‌పుట్ కరెంటును స్థిరంగా ఉంచేది. లేబుల్ మీద ఎఫిషియెన్సీ 93 శాతం అని ఉంది. కానీ దాని మీద చెయ్యి పెడితే రెండు సెకన్లు కూడా ఉంచలేకపోతున్నాను. అనుమానం వచ్చి కొలిచాను.

ప్లగ్ దగ్గర పవర్ మీటర్ 198 వాట్లు చూపిస్తోంది. డ్రైవర్ అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌తో చూస్తే 50.2 వోల్టులు, 3.4 ఆంపియర్లు, అంటే సుమారు 171 వాట్లు. మిగతా 27 వాట్లు వేడిగా పోతున్నట్టే కదా. రోజుకు 16 గంటలు వెలిగే లైటుకి ఇది చిన్న నష్టం కాదు.

మొక్కలు లేతగా ఉన్నప్పుడు డిమ్ చేస్తాను. నాకు అసలు బాధంతా అక్కడే. లోపలికి 92 వాట్లు వెళ్తుంటే బయటికి 71 వస్తున్నాయి. అవుట్‌పుట్ సగం కన్నా తగ్గినా నష్టం 21 దగ్గరే ఆగింది. కంట్రోల్ సర్క్యూట్ తినే కరెంటు, స్విచింగ్ నష్టాల్లో కొంత భాగం లోడ్‌తో పాటు తగ్గవని తెలుసు, కానీ మరీ ఇంతా?

డ్రైవర్ నుంచి ఎల్‌ఈడీ బోర్డు దాకా వెళ్లే 5 మీటర్ల వైరులో 0.8 వోల్టు పడిపోతోంది. అది లావు వైరు వేసి సరిచేసుకుంటాను.

పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా ఖర్చయ్యే పవర్ వాటా) తక్కువగా ఉన్నప్పుడు ఇలాంటి ప్లగ్ మీటర్లు వాట్లు తప్పు చూపిస్తాయా? పెద్ద డ్రైవర్‌ని డిమ్ చేసే బదులు చిన్నవి రెండు పెట్టి, అవసరం లేనప్పుడు ఒకటి ఆపేస్తే నిజంగా తేడా వస్తుందా? ఇలా కొలిచి చూసినవాళ్లు ఉంటే దయచేసి మీకు వచ్చిన అంకెలు చెప్పండి.