మూడు గంటలు కూడా నిలవని నేచురల్ సెంటుకి అంత రేటా?

సంపెంగ: పూలు, వేళ్లు, తొక్కల నూనెలతోనే చేసిందంటే ఆశపడి బుల్లి సీసా కొన్నానండి. పూసుకోగానే నారింజ తొక్క గిల్లినట్టు గుప్పుమంది, బస్సెక్కేలోపే అది పోయింది, తర్వాత కాసేపు గులాబీ, మధ్యాహ్నానికి తడి వేళ్ల వాసన. ఒక్క సీసాలో మూడు వాసనలేంటి? నాకైతే మోసం అనిపిస్తోంది.

మరువం: మోసం కాదండీ, దాన్ని కట్టిందే అలా. నారింజ నూనెలో 90 శాతం పైగా లిమోనీనే, చాలా తేలికైన సరుకు, ఒంటి వేడి తగిలితే ముందు ఎగిరేది అదే. గులాబీ, మల్లె నడిమివి. గంధం, వట్టివేరు బరువైనవి కాబట్టి నింపాదిగా ఆవిరవుతాయి. నేను ఇంట్లో కలిపేటప్పుడు అడుగున ఉండేవే ముందు వేస్తా, వట్టివేరు ఒక్క చుక్క ఎక్కువ పడిందా, గులాబీ ఇక ఎక్కడా కనపడదు, అంత చెయ్యి తిరిగినా ఆ చుక్క దగ్గర ఇప్పటికీ ఊపిరి బిగబట్టే వేస్తా. రేటంటారా, కిలో గులాబీ నూనెకి టన్నులకొద్దీ రేకలు కావాలి మరి.

గుల్జార్‌హౌజ్: నేను ఒప్పుకోనక్కా. యూపీల కన్నౌజ్ ఊరి అత్తరు కూడా నేచురలే కదా, తెల్లారి దాకా ఉంటది. డేగు అనే పెద్ద రాగి గుండిగల పూలు నీళ్లు పోసి మూతికి మట్టి మెత్తి కింద మంట పెడ్తరు, ఆవిరి వెదురు గొట్టంలకెళ్లి భప్కా అనే ఇంకో పాత్రలకు దిగుతది, అందుల ముందే గంధం నూనె ఉంటది, పువ్వు వాసన దాన్నే పట్టుకుంటది. జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే ముద్ర, అది కూడా వచ్చింది. ఇప్పుడు గంధం పిరమైందని కొందరు పారఫిన్ నూనెల దించుతున్నరు, మోసం అంటే అది. ‘నేచురల్ అంటే నిలవదు’ అనేది అమ్మేటోళ్ల సాకు.

మరువం: తమ్ముడూ, గంధం పట్టి ఉంచుతుందన్నది నిజమే, కానీ గంధం మీద దించిన గులాబీ మొదటి నిమిషం నుంచీ గంధంతో కలిసే వస్తుంది. ఈవిడ కొన్నది ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకోవాలని చేసింది. రెండూ వేరు. ఆ సంగతి సీసా మీద రాయకపోవడం మాత్రం అమ్మినవాళ్ల తప్పే.

సంపెంగ: ఇది ముందే తెలిస్తే నారింజ కోసం కొనేదాన్నే కాదు. మరి ఎక్కువసేపు ఉండాలంటే?

మరువం: పొడి చర్మం మీద తొందరగా పోతుంది. స్నానం చేశాక మణికట్టుకి వాసన లేని నూనె కొంచెం రాసి దాని మీద పూయండి, రుద్దొద్దు. ఈసారి కొనేముందు కాగితం మీద కాదు, చేతి మీద రాయించుకుని రెండు గంటలు బజార్లో తిరిగి రండి, అప్పుడు మిగిలిన వాసన నచ్చితేనే డబ్బులివ్వండి.