పిరుదు లోతులోని నొప్పికి ఏ పద్ధతి మేలు: మోచేతి ఒత్తిడా, కండరాన్ని సాగదీయడమా, నరాన్ని కదిలించడమా?

ప్రశ్న:
నమస్కారం. మా నాన్నగారు మంగళగిరిలో 40 ఏళ్లుగా గుంట మగ్గం నేస్తున్నారు. 4 నెలలుగా ఆయనకు కుడి పిరుదు లోపల పుట్టిన నొప్పి తొడ వెనుకగా పిక్క వరకు దిగుతోంది. అరగంట కూర్చుంటే ఎక్కువవుతుంది, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. ఎమ్మారైలో వెన్నుపూసల నడుమ ఉండే డిస్క్ నరాన్ని నొక్కడం లేదని చెప్పి, పిరుదు లోతులో ఉండే పిరిఫార్మిస్ కండరం బిగుసుకుని ఉండవచ్చని డాక్టరు గారు ఫిజియోథెరపీకి పంపారు. ఒకచోట మోచేత్తో గట్టిగా నొక్కారు. ఆ రాత్రి పాదం దాకా తిమ్మిరెక్కి ఆయనకు నిద్ర లేదు. మరొకచోట సాగదీత, ఇంకొకచోట నరం కదిలించే వ్యాయామం చెప్పారు. దేనితో మొదలుపెట్టాలి?

మొదటి సమాధానం (ఫిజియోథెరపిస్టు):
ఆ తిమ్మిరికి నొక్కిన చోటే కారణమై ఉండవచ్చునండీ. కూర్చునే ఎముకకూ, తుంటి పక్కన చేతికి తగిలే ఎముక గుబ్బకూ నడుమ, నడుము నుంచి కాలిలోకి వెళ్లే సయాటిక్ నరం దిగుతుంది కనుక, అక్కడ మోచెయ్యి ఆనిస్తే నలిగేది నరమే. పిరిఫార్మిస్ అంతకన్నా పైన, త్రికాస్థి (వెన్నెముక అడుగున ఉండే ముక్కోణపు ఎముక) నుంచి ఆ గుబ్బ పైఅంచుకు అడ్డంగా సాగుతుంది. నొక్కవలసి వస్తే త్రికాస్థి అంచున బొటనవేలితో మెల్లగా నొక్కాలి. కాలిలోకి జుమ్మని పాకితే వెంటనే చెయ్యి తీసేయాలి.
నేను మాత్రం బిగించి వదిలే పద్ధతితో మొదలుపెడతాను. మోకాలు మడిచి, నా చేతికి ఎదురుగా రోగిని అయిదో వంతు బలంతోనే 5 నుంచి 7 సెకన్లు నెట్టమని, వదిలాక ఊపిరి విడిచేటప్పుడు కాలిని కొంచెం ముందుకు తీసుకువెళతాను. ఇలా 3 నుంచి 5 సార్లు చాలు. కండరం తనంతట సడలుతుంది, నరం మీద బరువు పడదు.

రెండవ సమాధానం (మరొక ఫిజియోథెరపిస్టు):
పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ పాదం దాకా తిమ్మిరి వచ్చిన వారికి సాగదీత ముందు పెట్టను. కొందరిలో సయాటిక్ నరపు పాయ ఆ కండరం గుండానే వెళుతుందని 1937లోనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు బీటన్, ఆన్సన్ వర్గీకరించారు. అటువంటి వారిలో గట్టిగా లాగితే నరమూ బిగుస్తుంది. కుర్చీలో కూర్చుని మోకాలు చాపుతూ తల పైకెత్తడం, మోకాలు మడుస్తూ తల దించడం నేర్పుతాను. ఒక కొస బిగిసేటప్పుడు రెండవ కొస వదులవుతుంది కనుక నరం లాగుడు పడకుండా జారుతుంది. మోకాలు చాపి తల కూడా దించితే నరం రెండు కొసల నుంచీ బిగుస్తుంది. ఇప్పుడు అది వద్దు.
పాదం ఎత్తలేకపోయినా, మలమూత్ర విసర్జన చోట స్పర్శ తగ్గినా, మూత్రం ఆగినా వ్యాయామాలు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈరోజు గమనించాను: నాన్నగారు కూర్చునే పలక కుడివైపు అరిగి పల్లమైంది, బరువంతా ఆ పిరుదు మీదే పడుతోంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ముందు ఆ పలక మార్చండి. తిమ్మిరి తగ్గేవరకు రెండవ సమాధానంలో చెప్పిన జారే కదలిక చేయించి, ఆ తరువాత నేను చెప్పినది కలపండి. అరగంటకొకసారి ఆయనను మగ్గం దిగి నడవమనండి.