సర్టిఫికెట్ వచ్చిన అరబిక్ టీచర్‌ని మళ్ళీ అంచనా వేయాలా?

చార్మినార్ చాయ్: ఇండోనేషియాలో 2005 నాటి 14వ నంబరు చట్టం ప్రకారం సర్టిఫికేషన్ పొందిన ప్రభుత్వ టీచర్‌కి మూలవేతనమంత అలవెన్స్ అదనంగా వస్తుంది. మదర్సాల్లో అరబిక్ చెప్పేవాళ్ళకీ సర్టిఫికేషన్ ఉంది. అక్కడ మదర్సా అంటే మత వ్యవహారాల శాఖ కింద నడిచే బడి, లెక్కలూ సైన్సూ కూడా చెబుతారు. సర్టిఫికెట్ ఇచ్చాక కూడా పనితీరు చూడాలనే నేనంటాను. మీరేమంటారు?

పలకా బలపం: ఒప్పుకోను. అన్నీ పాసై వచ్చినవాళ్ళను మళ్ళీ మళ్ళీ పరీక్షించడం అవమానం. డబ్బు టెన్షన్ తీరితే పాఠం దానంతటదే బాగుపడుతుంది.

చార్మినార్ చాయ్: అలా జరగలేదండీ. అక్కడి ప్రభుత్వ బడుల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం 2018లో అచ్చయింది. అలవెన్స్ వచ్చాక టీచర్ల ఆర్థిక ఇబ్బంది తగ్గింది, రెండో ఉద్యోగాలు తగ్గాయి. పిల్లల మార్కులు మాత్రం పెరగలేదు. అది అరబిక్ మీద చేసింది కాదు, నిజమే. కానీ జీతం ఒక్కటే చాలదని తెలిసింది కదా.

హిందీ పండిట్: 22 ఏళ్ళు హిందీ చెప్పాను. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు టీచింగ్ డైరీ తిరగేసి సంతకం పెట్టి వెళ్ళేవారు. పిల్లాడిని లేపి ఒక్క వాక్యం మాట్లాడమని ఎవరూ అడగలేదు. అందుకే, చూడాలా వద్దా అన్నదాని కంటే ఏం చూస్తున్నారన్నదే నాకు ముఖ్యం.

అరబిక్ సంగతే తీసుకోండి. ఖురాన్‌లో అక్షరాల మీదా కిందా అచ్చుల గుర్తులు ఉంటాయి కాబట్టి పిల్లలు గడగడా చదువుతారు. వార్తాపత్రికలో ఆ గుర్తులుండవు. క-త-బ అనే మూడు హల్లులే కనిపిస్తాయి. అది కతబ (రాశాడు) కావచ్చు, కుతిబ (రాయబడింది) కావచ్చు, కుతుబ్ (పుస్తకాలు) కావచ్చు. వాక్యం అర్థమైతేనే సరిగ్గా చదవగలరు. అర్థాలు బట్టీ పట్టించే టీచర్ ఎవరో, భాష నేర్పే టీచర్ ఎవరో అక్కడ తేలిపోతుంది. జూన్‌లో ఒక పేరా, మార్చిలో అంతే కష్టమైన ఇంకో పేరా గుర్తుల్లేకుండా చదివించండి. క్లాసులో కూర్చుని చూసేది అరబిక్ వచ్చిన తోటి టీచరే అయి ఉండాలి. భాష రాని హెడ్‌మాస్టర్ క్లాసు నిశ్శబ్దంగా ఉంటే మంచి మార్కులు వేస్తారు. భాష క్లాసు నిశ్శబ్దంగా ఉందంటే నాకు అనుమానమే!

పలకా బలపం: ఇది బాగుంది. కానీ ఆ రిపోర్టు చూసి అలవెన్స్ ఆపేస్తే? తోటివాడి పొట్ట కొట్టాలని ఎవరూ నిజం రాయరు.

హిందీ పండిట్: ఆపకూడదు. ఆ కాగితం ఆ ఇద్దరు టీచర్ల మధ్యే ఉండాలి. తర్వాతి నెల ఇతను వెళ్ళి ఆయన క్లాసులో కూర్చోవాలి.