టాప్‌అప్ తర్వాత మెదడు ముందు భాగం ఇంకా సాగిపోయింది, ఎక్కడ వెతకాలి?

ప్రశ్న అడిగినవారు:
నమస్కారం. 3 టెస్లా స్కానర్‌లో తీసిన ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ (మెదడు పనిచేస్తుండగా తీసే ఎమ్‌ఆర్‌ఐ) డేటా మీద పనిచేస్తున్నాను. బొమ్మ చూసి దాని పేరు పైకి చెప్పే పరీక్ష. వోక్సెల్ (చిత్రంలోని అతి చిన్న ఘనం) 3 మిల్లీమీటర్లు, మాత్రిక 64 బై 64. వక్రత (చిత్రంలో ఆకారం సాగడం, నొక్కుకుపోవడం) సరిదిద్దడానికి ఏపీ (ముందునుంచి వెనక్కి), పీఏ (వెనకనుంచి ముందుకు) దిశల్లో జత చిత్రాలు కూడా తీశాం. ఎఫ్‌ఎస్‌ఎల్ అనే మెదడు చిత్రాల సాఫ్ట్‌వేర్‌లో, ఇలాంటి జత నుంచి వక్రతను అంచనా వేసే టాప్‌అప్ నడిపితే ఆ రెండూ చక్కగా ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. అదే ఫలితాన్ని అసలు రన్‌కు (పరీక్ష జరుగుతుండగా తీసిన చిత్రాల వరుసకు) వర్తింపజేస్తే మాత్రం కళ్లపైన ఉండే భాగం మునుపటికంటే ఎక్కువ సాగింది. టాప్‌అప్ విఫలమైనట్టా? పైగా కొందరు తల బాగా కదిపారు. ముందు కదలికను సరిచేయాలా, వక్రతనా?

మొదటి జవాబు:
జత సరిగ్గా కలిసిందంటే టాప్‌అప్ తన పని తాను చేసింది. నా అనుమానమంతా అప్లైటాప్‌అప్‌కు (ఆ ఫలితాన్ని రన్‌కు వర్తింపజేసే ప్రోగ్రామ్‌కు) మీరిచ్చిన సూచిక సంఖ్య మీదే.

గాలి నిండిన సైనస్‌ల దగ్గర అయస్కాంత క్షేత్రం సమంగా ఉండదు. ఈపీఐలో (ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐకి వాడే వేగవంతమైన స్కాన్ పద్ధతిలో) ఫేజ్ ఎన్‌కోడింగ్ దిశలో, అంటే మీ ఏపీ లేదా పీఏ దిశలో, డేటా నెమ్మదిగా చదువుతారు కాబట్టి కొద్దిపాటి తేడాకే ఆ దిశలో వోక్సెల్ చోటు తప్పుతుంది. ఎంతో లెక్క వేయవచ్చు. హెర్ట్జ్‌లలో క్షేత్రపు తేడాను మొత్తం రీడౌట్ సమయంతో (గీతలన్నీ చదవడానికి పట్టే కాలంతో) గుణించండి. ఎకో స్పేసింగ్ (ఒక గీతకూ తర్వాతి గీతకూ మధ్య కాలం) 0.5 మిల్లీసెకన్లు అనుకుంటే, 64 గీతలకు 63 విరామాలు, అంటే 0.0315 సెకన్లు. 100 హెర్ట్జ్ తేడా ఉన్నచోట 3.15 వోక్సెళ్లు, మీ కొలతలో దాదాపు 9.5 మిల్లీమీటర్లు. దిశ తారుమారైతే ఆ దోషం పోవడానికి బదులు రెట్టింపై 19 మిల్లీమీటర్లకు చేరుతుంది. మీరు చెబుతున్న లక్షణం సరిగ్గా అదే.

స్కాన్‌ను నిఫ్టీగా (మెదడు చిత్రాల ఫైలు రూపంలోకి) మార్చినప్పుడు పక్కనే వచ్చే జేసన్ ఫైలు (స్కాన్ వివరాలుండే ఫైలు) తెరిచి, రన్‌కు ఫేజ్ ఎన్‌కోడింగ్ దిశ ‘జె’ అని ఉందో ‘జె మైనస్’ అని ఉందో చూడండి. మామూలుగా జె మైనస్ అంటే ఏపీ. టాప్‌అప్‌కు ఇచ్చిన పరామితుల ఫైలులో ఏ వరుస రన్ దిశతో కలుస్తుందో ఆ వరుస సంఖ్యే సూచిక. ప్రోటోకాల్ కాగితం మీద రాసినదాన్ని దయచేసి ప్రమాణంగా తీసుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
చూశాను. రన్‌కు జె అని ఉంది, మొదటి వరుస ఏపీ. సూచిక 2 ఇవ్వగానే మెదడు అంచు నిర్మాణ చిత్రంతో (మెదడు ఆకారాన్ని చూపే విడి స్కాన్‌తో) కలిసింది. చాలా కృతజ్ఞతలు! అయితే కళ్లపైన ఒక నల్లటి ఖాళీ అలాగే ఉంది. ఇంకొకటి: ఒకరి ఫ్రేమ్‌వైజ్ స్థానభ్రంశం (ఒక చిత్రం నుంచి తర్వాతి చిత్రానికి తల ఎంత కదిలిందో చెప్పే కొలత) సగటున 9 మిల్లీమీటర్లు వస్తోంది. వీడియోలా తిప్పి చూస్తే అంత కదలిక కనబడదు.

మొదటి జవాబు:
ఆ ఖాళీ మిగులుతుంది. అక్కడ వోక్సెల్ లోపలే స్పిన్‌ల (సిగ్నల్‌నిచ్చే పరమాణు కేంద్రకాల) ఫేజ్ చెదిరి సిగ్నల్ పోయింది. చోటు మారిన సిగ్నల్‌ను టాప్‌అప్ వెనక్కి తెస్తుంది, అసలు రికార్డు కాని సిగ్నల్‌ను ఏ ప్రోగ్రామూ తేలేదు. ఆ ప్రాంతంలో ‘స్పందన లేదు’ అని మాత్రం రాయకండి.

9 మిల్లీమీటర్లు వచ్చిందంటే నిలువు వరుసలు తారుమారై ఉంటాయి. ఎంసీఫ్లర్ట్ (ఎఫ్‌ఎస్‌ఎల్‌లో కదలికను సరిచేసే ప్రోగ్రామ్) ఫైలులో మొదటి మూడు నిలువు వరుసలు రేడియన్లలో భ్రమణాలు, తర్వాతి మూడు మిల్లీమీటర్లలో జరుగుబాట్లు. ఎస్‌పీఎమ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో జరుగుబాట్లే ముందు. స్థానభ్రంశం లెక్కలో భ్రమణాన్ని 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుణిస్తారు. వరుసలు మారితే 0.2 మిల్లీమీటర్ల జరుగుబాటు కాస్తా 10 అవుతుంది.

క్రమం విషయానికొస్తే, ప్రతి వాల్యూమ్‌ను (ఒక్కసారి తీసిన మొత్తం మెదడు చిత్రాన్ని) ఒక ఆధార చిత్రానికి జతచేసే రూపాంతరాన్ని, వక్రత క్షేత్రాన్ని విడివిడిగా అంచనా వేసి, రెండింటినీ కలిపి ఒకేసారి ఇంటర్‌పోలేషన్ (కొత్త చోట్ల విలువలను లెక్కగట్టడం) చేయండి. రెండుసార్లు చేస్తే చిత్రం అనవసరంగా మసకబారుతుంది. ఈ పనులన్నీ వరుసగా చేసే ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐప్రెప్ అనే సాఫ్ట్‌వేర్ ఇలాగే ఒకేసారి చేస్తుంది. టాప్‌అప్ క్షేత్రం కూడా ఆ ఆధార చిత్రంతోనే కలిసి ఉండాలి.

రెండవ జవాబు:
స్కానర్ దగ్గర కూర్చునే మనిషిగా నాదొక మాట. పైకి మాట్లాడే పరీక్షలో తల పరీక్షతోపాటే కదులుతుంది, ముఖ్యంగా గడ్డం పైకీ కిందికీ. అలా వంగినప్పుడు సైనస్‌ల చుట్టూ క్షేత్రమే మారుతుంది కాబట్టి మొదట్లో తీసిన ఒక్క జతతో పూర్తిగా సరిపోదు. విశ్లేషణ మోడల్‌లో 24 కదలిక పరామితులు పెట్టి, స్థానభ్రంశం 0.5 మిల్లీమీటర్లు దాటిన వాల్యూమ్‌లను తీసివేయడం మంచిదే. కానీ కదలిక పరీక్షతో కలిసి నడిస్తే ఆ పరామితులు అసలు స్పందనను కూడా మింగేస్తాయి.

అందుకే కొత్తగా తీసేవారికి వాల్యూమ్‌ల మధ్య విరామం పెట్టి, ఆ నిశ్శబ్దంలో పలకమనండి. చెవుల పక్కన ఫోమ్ బాగా సర్దండి. నుదుటి మీదుగా కాయిల్ (తల చుట్టూ ఉండే, సిగ్నల్ అందుకునే చట్రం) రెండు పక్కలకూ ఒక టేపు అంటిస్తే, తల కదిలిన క్షణమే చర్మానికి లాగినట్టు తెలిసి వాళ్లే ఆగుతారు. మధ్యలో ఎవరైనా లేచి మళ్లీ పడుకుంటే ఏపీ, పీఏ జతను మళ్లీ తీయండి. నిమిషం కూడా పట్టదు.