బాబుకి ఆయాసం ముదిరితే ఎప్పుడు పరిగెత్తాలి? ఎమర్జెన్సీలో ఏం చూస్తారు?

కూకట్‌పల్లి అమ్మ:
నమస్కారం అండీ. మా బాబుకి ఆరేళ్ళు, ఉబ్బసం ఉంది. పోయిన వారం జలుబుతో మొదలై రాత్రికి ఆయాసం బాగా ఎక్కువైతే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. వెంటవెంటనే మూడుసార్లు నెబ్యులైజేషన్ పెట్టారు, స్టిరాయిడ్ ఇచ్చారు, అయినా తగ్గలేదని మెగ్నీషియం డ్రిప్ ఎక్కించి ఐసీయూలో ఉంచారు. ఇప్పుడు బాగున్నాడు, దేవుడి దయ. నాకు అర్థం కానిది ఒకటే. ఆటోలో వెళ్తుండగా పిల్లికూతలు తగ్గాయి, హమ్మయ్య అనుకున్నాం, కానీ డాక్టర్‌గారు స్టెత్ పెట్టగానే కంగారుగా అందర్నీ పిలిచారు. ఎందుకు? ఇంకోసారి ఇలా అయితే ఇంట్లో ఏం చూసి బయల్దేరాలి? మా అత్తగారేమో పంప్ (ఇన్‌హేలర్) అలవాటైపోతుంది, ఈసారి మృగశిర కార్తెకి చేపమందు వేయిద్దాం అంటున్నారు.

పిల్లల ఎమర్జెన్సీ డాక్టర్:
అమ్మా, పిల్లికూత వినిపించాలంటే సన్నబడిన ఊపిరి గొట్టాల్లోంచి కొంతైనా గాలి ఆడాలి. అవి బాగా మూసుకుపోతే ఆ చప్పుడూ రాదు. అందుకే ఆయాసం అలాగే ఉండి కూతలు మాత్రం ఆగిపోతే అది తగ్గడం కాదు, ముదరడం. స్టెత్‌లో ఏమీ వినపడని ఛాతీ అంటే మాకు అన్నిటికన్నా భయం. పెదాలు నీలంగా మారడం, అప్పటిదాకా గింజుకున్న బిడ్డ మత్తుగా వాలిపోవడం కూడా ప్రాణం మీదికి వచ్చిన గుర్తులే.

బిడ్డ లోపలికి రాగానే మేం ముందు చూసేది మాట. "మీ టీచర్ పేరేంటి నాన్నా, ఇవాళ ఏం తిన్నావ్" అని అడిగితే వాక్యం మొత్తం చెప్పగలడా, రెండు మాటలకోసారి ఊపిరి కోసం ఆగుతాడా? తర్వాత చొక్కా విప్పి చూస్తాం, డొక్కలు ఎగరేస్తున్నాడా, గొంతు కింద గుంట లోపలికి పోతోందా అని. ఇవి మీరూ ఇంట్లో లైటు వేసి చూడొచ్చు. ఐదేళ్ళు దాటిన పిల్లల్లో నిమిషానికి శ్వాస 30, గుండె 125 దాటినా, రక్తంలో ఆక్సిజన్ 92 శాతం కంటే తగ్గినా తీవ్రమైన అటాక్ కిందే లెక్క. అంతకంటే చిన్నపిల్లలకి ఆ హద్దులు 40, 140. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ 95 చూపిస్తోంది కదా అని, మాట రాని బిడ్డని మాత్రం ఇంట్లో ఉంచుకోవద్దు.

ఇక వైద్యం సంగతి. ఆక్సిజన్ పెట్టి 94 పైన ఉండేలా చూస్తూ, మొదటి గంటలో ఇరవై నిమిషాలకోసారి గొట్టాలు తెరిచే మందులు సాల్బుటమాల్, ఇప్రాట్రోపియం కలిపి ఇస్తాం, మీ బాబుకి మూడుసార్లు పెట్టింది అదే. స్టిరాయిడ్ పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది, వాంతులు లేకుండా మింగగలిగితే నోటి మందూ ఇంజెక్షన్ అంత బాగానే పనిచేస్తుంది. వీటికి లొంగకపోతే మెగ్నీషియం సల్ఫేట్, కిలోకి 40 మిల్లీగ్రాముల చొప్పున, మొత్తం 2 గ్రాములు మించకుండా, బీపీ చూసుకుంటూ ఇరవై నిమిషాల్లో ఎక్కిస్తాం. గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని అది వదులు చేస్తుంది. అంత వేగంగా ఊపిరి తీసే బిడ్డకి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ ఉండాలి. రిపోర్టులో అది నార్మల్ అని వచ్చినా బిడ్డ అలసిపోతున్నాడని అనుమానించాల్సిందే, ఐసీయూలో పెట్టి కనిపెట్టుకుని ఉండేది అందుకే.

ఉప్పల్ నాన్న:
మా పాపదీ ఇదే కథ అండీ. మాకు డాక్టర్ ఒక కాగితం మీద ప్లాన్ రాసిచ్చారు, ఫ్రిజ్ మీద అంటించాం. స్పేసర్‌కి, అంటే పంప్ మందు పీల్చుకునే ప్లాస్టిక్ గొట్టానికి, సాల్బుటమాల్ పంప్ పెట్టి ఒక్కో పఫ్ కొట్టి ఐదారు శ్వాసలు తీయించాలి, మళ్ళీ పంప్ కదిపి ఇంకోటి, అవసరమైతే పది దాకా. అప్పటికీ తగ్గకపోయినా, నాలుగు గంటలు తిరక్కుండా మళ్ళీ కావాల్సి వచ్చినా ఆస్పత్రికే. దారిలో కూడా ఆపకుండా ఇవ్వమన్నారు. బిడ్డ నీలంగానో మత్తుగానో ఉంటే బైక్ మీద పెట్టుకుని ట్రాఫిక్‌లో పడొద్దు, 108కి చేయండి, అందులో ఆక్సిజన్ ఉంటుంది. ఆవిరి పట్టడం, దగ్గు సిరప్ తాగించడం అని టైమ్ పోగొట్టుకోవద్దు.

వార్డు సిస్టర్:
అక్కా, అత్తగారికి నెమ్మదిగా చెప్పండి, పంప్ మందు తిన్నగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది, అందుకే డోసు చాలా తక్కువ, అలవాటుపడే మందు కాదు. చేపమందు పనిచేస్తుందని శాస్త్రీయంగా ఎవరూ నిరూపించలేదు. ఆమె నమ్మకాన్ని కించపరచమని కాదు, కానీ దాన్ని నమ్ముకుని పంప్ ఆపితే నాకు మాత్రం చాలా భయం. పైగా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఆ రోజు జనం ఎంతుంటారో మీకు తెలుసు, ఆ తోపులాటలో, దుమ్ములో ఈ బాబుని నిలబెట్టకండి.

కూకట్‌పల్లి అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. డాక్టర్‌గారూ, ఇంకొక్కటి. స్టిరాయిడ్ సిరప్ ఇంకా రెండ్రోజులు రాశారు, బాగానే ఆడుకుంటున్నాడు కదా, ఆపేయొచ్చా?

పిల్లల ఎమర్జెన్సీ డాక్టర్:
వద్దమ్మా, రాసినన్ని రోజులూ వేయండి. కొన్ని రోజుల కోర్సే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ గురించి టెన్షన్ పడకండి. డిశ్చార్జ్ తర్వాత ఇంకా చూపించకపోతే రేపే మీ పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళి, రోజూ వాడే స్టిరాయిడ్ పంప్ గురించి అడగండి. సాల్బుటమాల్ ఆ పూటకి గొట్టాలు తెరుస్తుంది, లోపలి వాపుని అణచి ఉంచేది ఈ రెండో పంపే. స్పేసర్ కూడా పట్టుకెళ్ళండి, బాబు చేత వాళ్ళ ముందే ఒకసారి పీల్పించి సరిగ్గా చేస్తున్నాడో లేదో చూపించుకోండి.