పందుల తీగకు మనిషి పోతే కేసు ఎవరి మీద?

పత్తిచేను: మా పక్క ఊర్లో రాత్రి మోటారు వేయడానికి పోయిన రైతు, అడవి పందులకు పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయాడు. పోలీసులు ముందు చేను ఆసామిని పట్టుకుపోయారు. కట్టింది మాంసం అమ్ముకునే వేటగాళ్లు. అడక్కుండా జొరబడినవాళ్ల తప్పుకు ఆయనెలా బాధ్యుడు?

లైన్‌మన్ కొడుకు: 11 కేవీ లైనుకు కొక్కెం వేశారా, స్టార్టర్ డబ్బా నుంచి లాగారా?

పత్తిచేను: ఎక్కడిదైతే ఏందన్నా, మనిషి పోయిండు.

లైన్‌మన్ కొడుకు: తేడా ఉంది. డబ్బా నుంచి లాగితే ఆసామికి తెలియకుండా ఉండదు. కొక్కెమైతే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద కరెంటు దొంగతనం కూడా. మా నాన్నతో వెళ్లి ఆ తీగలు చూశాను. మూరెడు కర్రలకు చుట్టిన సన్నని బైండింగ్ వైరు, మోకాలి కిందే. టార్చి వేసినా గడ్డిలో కనబడదు.

గోదారిగట్టు: సోలార్ కంచె కూడా ఇంతే ప్రమాదం కదా?

లైన్‌మన్ కొడుకు: కాదు. అది సెకనుకోసారి కొట్టి వదిలేస్తుంది, పంది బెదిరి పోతుంది. లైను కరెంటు ఆగకుండా పారుతుంది. రెండూ ఒకే గాటన కట్టకండి.

చెన్నూరు ఆడబిడ్డ: మీరింకా డబ్బా దగ్గరే ఉన్నారు. మా చిన్నాన్న ఇలాగే పోయాడు, వానాకాలం, తడి గట్టు మీద. మా పిన్ని చెప్పు చూసి గుర్తుపట్టింది. తీగ ఎవరిదో ఊరందరికీ తెలుసు. పంది మాంసం పోగులేసి అమ్మితే కొన్నారు, సాక్ష్యం అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. పత్తిచేను అన్నా, ఆ ఆసామికి తెలియదని గుండె మీద చెయ్యేసుకుని చెప్తారా?

పత్తిచేను: మాట్లాడటం తేలికే అక్కా. ఒక్క రాత్రిలో ఎకరం మక్క నేలమట్టమైతే తెలుస్తది.

చెన్నూరు ఆడబిడ్డ: మా మక్కా పోయింది. 2021లో తెలంగాణ ప్రభుత్వం పందుల్ని కాల్పించే అధికారం సర్పంచులకు ఇచ్చింది, అదీ గుర్తింపు ఉన్న షూటర్లతోనే. మేం అదే అడిగాం. తీగ కట్టనివ్వలేదు.

పత్తిచేను: సరే, చెప్తున్నా. పోయినేడు మా చేన్లోనూ కట్టారు. పొద్దున కర్రలు గుచ్చిన గుంతలు చూసిన. పందులు తగ్గినయని ఊరుకున్న. చెప్తే పత్తి కుప్ప తగలబెడతారని భయం కూడా.

చెన్నూరు ఆడబిడ్డ: పక్క చేనువాళ్లకైనా చెప్పలేదా? వాళ్లూ రాత్రి మోటారుకు వస్తారు కదా.

పత్తిచేను: చెప్పలే.

లైన్‌మన్ కొడుకు: ఈసారి తీగ కనబడితే ముట్టుకోకుండా 1912కి ఫోన్ చెయ్యండి, లైను ఆపిస్తారు. పక్క చేనువాళ్లకు మాత్రం ఈ రాత్రే చెప్పండి.