సిఫారసు కార్డులు నవలలకే పనిచేస్తున్నాయి, మిగతా పుస్తకాలకి ఏం రాయాలి?

మాది సొంతంగా నడుపుకునే చిన్న పుస్తకాల షాపు. కొత్తగా వచ్చినవాటిలో మేం చదివి నచ్చిన పుస్తకం కింద, షెల్ఫ్ అంచుకి చేత్తో రాసిన కార్డు పెడతాం. పోస్టుకార్డులో సగం సైజు, మూడు నాలుగు వాక్యాలు, చివర చదివినవాళ్ల పేరు. నవలలకి, అందులోనూ క్రైమ్‌కి, ఇది బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కార్డు తీసేస్తే చాలు, అమ్మకం పడిపోతుంది.

కవిత్వం, సైన్స్, చరిత్ర దగ్గరకొచ్చేసరికి మాత్రం జనం కార్డు మొత్తం చదువుతారు, పుస్తకం తీసి వెనక అట్ట చూస్తారు, ఉన్నచోటే పెట్టేస్తారు.

ముఖచిత్రం కనపడేలా కంటి ఎత్తులో పెట్టి చూశాం. కవిత్వం కార్డు మీద మా పొగడ్తలు తీసేసి పుస్తకంలోంచి రెండు పాదాలే రాశాం. చదివి, నవ్వుకుని వెళ్లిపోయారు (అదీ సంతోషమే, కానీ బిల్లు పడలేదు). చరిత్ర పుస్తకాన్ని అదే కాలం మీద వచ్చిన నవల పక్కన పెడితే నవలే కదిలింది. అన్ని రకాలూ గుమ్మం దగ్గర ఒకే బల్ల మీద పేరిస్తే ఇంకా అన్యాయం, క్రైమ్ నవలలు మిగతావాటిని మింగేశాయి. ధర వల్ల అనుకోను. ఇవన్నీ పేపర్‌బ్యాక్‌లే, నవలల ధరకే దొరుకుతున్నాయి. లోపం కార్డు మొదటి లైన్లోనే ఉందని నా అనుమానం.

షాపు నడిపేవాళ్లయినా, కొనేవాళ్లయినా చెప్పండి: కథ లేని పుస్తకాన్ని కౌంటర్ దాకా తెచ్చిన కార్డు మీద మొదటి వాక్యం ఏముంది?